దాచిపెట్టిన రాత్రులు

మా బావ పోయిన నెలకి, అక్కను నిద్రకు తీసుకెళ్ళే పని నా మీద పడింది.

మా వైపు ఉన్న పద్ధతి ఇది. భర్త పోయిన ఆడమనిషిని, కర్మలన్నీ అయ్యాక, పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళి ఒక రాత్రి తమ నీడన పడుకోబెట్టాలి. అదే నిద్ర. అది అయ్యేదాకా ఆమె గడప దాటకూడదు. అక్కకు పుట్టిల్లంటే ఇప్పుడు నేనొక్కణ్ణే. అమ్మా నాన్నా లేరు, వేరే తోబుట్టువులు లేరు.

చిక్కల్లా నా ఇంటితో వచ్చింది. కార్తీకంలో నా భార్య వాసంతి పోయింది. ఏడాది తిరిగేదాకా మా మియాపూర్ ఫ్లాటు మైల ఇల్లేనని, మైల ఇంటికి నిద్రకు తీసుకెళ్ళడం ఎక్కడా లేదని బావ వాళ్ళ అక్కగారు, నాగేశ్వరిగారు, తేల్చి చెప్పారు. ఆవిడ మంచి మనిషే. తమ్ముడు పోయిన దుఃఖంలో పట్టుకోవడానికి ఆవిడకు పద్ధతులే మిగిలాయి. నేను వాదించలేదు.

అలా మా పుణ్యవతక్క నల్లగండ్లలో, కొడుకు రవికిరణ్ ఫ్లాటులో, పన్నెండో అంతస్తులో ఉండిపోయింది. లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. సాయంత్రం నాలుగు అడుగులు నడిచి రాకపోతే అన్నం సయించదు. నేను వెళ్ళినప్పుడల్లా బాల్కనీలో కుర్చీ వేసుకుని, కింద నడుస్తున్నవాళ్ళను చూస్తూ ఉండేది. నేను వచ్చేస్తుంటే కోడలు రసజ్ఞ లిఫ్టు దాకా వచ్చి మెల్లగా చెప్పింది.

"అసలు పడుకోవడం లేదు మావయ్యగారూ. తలుపు కింద నుంచి లైటు కనపడుతూనే ఉంటుంది. అడిగితే పడుకున్నాలే అంటారు."

భార్య పోయిన మగవాణ్ణి కూడా అయినవాళ్ళు ఒక రాత్రి నిద్రకు తీసుకెళ్తారు. వాసంతి పోయినప్పుడు నన్ను తీసుకెళ్ళింది అక్కా బావే. ఆ రాత్రి బావ తన మంచం వదిలేసి నా పక్కన చాప వేసుకుని పడుకున్నాడు. ఒక్క ఓదార్పు మాట కూడా చెప్పలేదు. గురక మాత్రం పెట్టాడు. ఆ గురక వింటూ నేను కాసేపు నిద్రపోగలిగాను. అలాంటి పూట ఒకటి అక్కకు ఇవ్వలేకపోవడం నాకు ముల్లులా ఉండేది.

చివరికి పురోహితుడికి ఫోన్ చేశాను. ఆయనది గచ్చిబౌలి. గృహప్రవేశానికి ఆవును లిఫ్టు ఎక్కించలేక వెండి ఆవుతో కానిచ్చేసే మనిషి.

"మీ పేరు మీద ఉన్న చోటు ఏదైనా ఆ పూటకి మీ ఇల్లేనండి. అద్దెదైనా ఫరవాలేదు. ఏదైనా హోటల్లో గది తీసుకోండి. కాకపోతే ఖర్చు మాత్రం మీదే కావాలి. పుట్టింటి సొమ్ము కావాలి," అన్నాడు.

రవికిరణ్ వెంటనే ఫోన్ తీశాడు. "మావయ్యా, నేను బుక్ చేసేస్తా. మీ పేరు మీదే వేస్తా. ఎవరికి తెలుస్తుంది?"

"నీకు తెలుస్తుందిగా," అన్నారు నాగేశ్వరిగారు.

"నా దగ్గర పాయింట్లున్నాయిరా," అన్నాను నేను.

ఆ పాయింట్ల సంగతి చెప్పాలి. నేను వేబ్రిడ్జిలు తయారుచేసే కంపెనీలో పనిచేశాను. సరుకుతో వచ్చిన లారీని లారీతో సహా తూచే పెద్ద కాటాలవి. సిమెంటు ఫ్యాక్టరీలకూ చక్కెర మిల్లులకూ వెళ్ళి వాటిని సరిచూసి రావడం నా ఉద్యోగం. నెలలో సగం రోజులు రాయపూర్, నాగపూర్, భువనేశ్వర్. మా కంపెనీకి ఒక హోటళ్ళ సంస్థతో ఒప్పందం ఉండేది. ఏ ఊళ్ళో దిగినా వాళ్ళ హోటల్లోనే దిగాలి. పడుకున్న ప్రతి రాత్రికీ నా పేరున కొన్ని పాయింట్లు పడేవి. అవి పోగైతే ఎప్పుడైనా ఉచితంగా గది ఇస్తారు.

నాకు వాటి ధ్యాసే ఉండేది కాదు. వాసంతికి ఉండేది. నేను ఊరి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే, "ఈసారి ఎన్నొచ్చాయండీ?" అనేది. ఫోన్ తీసి చూపిస్తే తృప్తిగా తల ఊపేది.

"మీరు లేని రాత్రులు ఊరికే పోలేదన్నమాట. దాచి ఉన్నాయి," అనేది.

దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచిన కొత్తలో ఇద్దరం చూడటానికి వెళ్ళాం. వంతెన మీద నుంచి ఆ సంస్థ హోటల్ ఒకటి కనిపించింది. చెరువు వైపు అన్నీ అద్దాలు. వాసంతి చెయ్యెత్తి చూపించి, "అందులో మనకు మూడు రాత్రులొస్తాయి, నేను కనుక్కున్నా," అంది. రిటైరయ్యాక వెళ్దామనుకున్నాం. రిటైరయ్యేలోగా ఆమెకు జబ్బు బయటపడింది. ఒకసారి దవాఖానా నుంచి తిరిగొస్తుంటే, ఇవాళ వెళ్దామా అని అడిగాను. "నాకిప్పుడు ఏ మంచమైనా ఒకటేనండీ. ఉంచండి, ఏదో ఒక అవసరానికి పనికొస్తాయి," అంది.

ఆ అవసరం ఇప్పుడు వచ్చింది. వాసంతి తన ఆడపడుచు కోసమే దాచి వెళ్ళినట్టు అనిపించింది నాకు.

ముందుగా బుక్ చెయ్యాలని తోచలేదు. నేను తిరిగిన రోజుల్లో కౌంటరు దగ్గరికి వెళ్ళి కార్డు ఇస్తే గది ఇచ్చేవారు. పైగా వాసంతి మూడు రాత్రులని చెప్పింది. నేను ఒక్కటే అడగబోతున్నాను. ఉద్యోగమంతా కాటాలు సరిచూసినవాణ్ణే అయినా, ఆమె మాటను మళ్ళీ సరిచూడాలని నాకు అనిపించలేదు.

పుట్టింటి చీర పెట్టాలన్నారు. చందానగర్‌లో చీరల దుకాణానికి వెళ్ళి, ఏ రంగు కొనాలో తెలియక చాలాసేపు నిలబడ్డాను. అక్కడి అమ్మాయి నా ముందు పరిచిన జరీ చీరలన్నీ తనే మడిచేసి, లేత బూడిద రంగు నేత చీర ఒకటి తీసి పెట్టింది. ఎవరికని అడగలేదు. ఆ పిల్ల అలా అడగకపోవడం నాకెంత సాయమో ఆమెకు తెలియదు.

బుధవారం మధ్యాహ్నం ఆ చీర కట్టుకుని అక్క లిఫ్టు దిగింది. మా సందు చివర అద్దె కారు పెట్టుకునే శ్రీను తలుపు తీసి పట్టుకున్నాడు. సిద్దిపేట వైపు మనిషి.

"పైలంగ కూసోండ్రమ్మా. ఏసీ పెట్టమంటరా?"

"వద్దు నాయనా, అద్దం దించు. గాలి తగిలి నెలయింది."

మసీద్‌బండ మీదుగా వెళ్తుంటే, అక్క కిటికీ పక్కనుంచి కదల్లేదు.

"ఈ మలుపులో జామకాయల బండి ఉండాలి కదరా మోహనా? ఏమైపోయింది?"

శ్రీను చెప్పాడు. "రోడ్డు వెడల్పు చేస్తుండ్రు గదమ్మా, తీసేసిండ్రు. గాయనకేం ఫికర్ లేదు, గా పక్క సందుల పెట్టుకుండు."

"హమ్మయ్య," అని అక్క వెనక్కి జారగిలబడింది. కాసేపయ్యాక నవ్వింది. "మీ బావ ఉంటే ఏమనేవారో తెలుసా? నేను పోతేగానీ మీ తమ్ముడు నీకు ఫైవ్‌స్టార్ హోటల్ చూపించలేదన్నమాట, అనేవారు."

"అనేవాడే."

"అని, నన్ను కూడా తీసుకెళ్ళకూడదా అనేవారు," అంది. మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

హోటల్ హాలు నిండా మెడల్లో గుర్తింపు కార్డుల పట్టీలు వేసుకున్న కుర్రకారు. ఏదో టెక్నాలజీ సదస్సు జరుగుతోంది. అక్కను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, సంచీ ఆమె కాళ్ళ దగ్గర పెట్టి, కౌంటరు దగ్గరికి వెళ్ళాను. అక్కడున్న అమ్మాయి కోటు మీద ప్రియదర్శిని అని పేరుంది.

"బుకింగ్ ఏ పేరు మీద ఉంది సర్?"

"బుకింగ్ లేదమ్మా. నేను పాత మెంబర్ని. పాయింట్ల మీద ఈ రాత్రికి రెండు మంచాల గది కావాలి. మా అక్కకీ నాకూ."

నంబరు చెప్పాను. ఆమె కంప్యూటర్లో చూసి, కాస్త గౌరవంగా తలెత్తింది. "చాలా పాత మెంబర్ సర్ మీరు." మళ్ళీ చూసింది. ఈసారి తలెత్తడానికి సమయం పట్టింది. "కానీ సర్, ఇవాళ్టికి మీ పాయింట్స్ సరిపోవు."

"సరిపోవాలమ్మా. మూడు రాత్రులొస్తాయి."

"అది పాత చార్ట్ సర్. అప్పుడు ఒక్కో హోటల్‌కి ఇన్ని పాయింట్స్ అని ఫిక్స్‌డ్‌గా ఉండేది. ఇప్పుడు చార్ట్ తీసేశారు. రూమ్ రేట్ పెరిగితే పాయింట్స్ కూడా పెరుగుతాయి. ఈ వారం కాన్ఫరెన్స్ ఉంది కదా సర్."

"ఒక్క రాత్రికి కూడా రావా?"

"సగం రాత్రికి కూడా రావు సర్. సారీ."

"నా పాయింట్లు తగ్గించారా?"

"లేదు సర్, మీవి ఒక్కటి కూడా తగ్గలేదు. అన్నీ అలాగే ఉన్నాయి. వాటి వాల్యూనే..." అని ఆగింది. "మెయిల్ పంపించాం సర్, మారేముందు."

పంపించే ఉంటారు. అది నా ఆఫీసు చిరునామాకు వెళ్ళి ఉంటుంది. రిటైరైన రోజే దాన్ని మూసేశారు.

మా పనిలో ఒక టన్ను ఏ ఊళ్ళోనైనా ఒక టన్నే. సరుకు కాటా మీద ఉండగా తూకపు రాయి మార్చేవాణ్ణి ఏమనాలో నాకు తెలుసు. ఆ మాట ఆ పిల్లతో అనలేదు. రాయి మార్చింది ఆమె కాదు. వాసంతి లెక్క కూడా తప్పు కాదు. ఆమె చెప్పిన రోజున అవి మూడు రాత్రులే.

"మిగతాది డబ్బు కట్టొచ్చా?" అని అడిగాను.

ఎంతవుతుందో ఆమె గొంతు తగ్గించి చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళకు వినపడకుండా చెప్పాలని ఆమెకు తోచినందుకు మనసులో దండం పెట్టుకున్నాను. కార్డు తీశాను. ఎప్పుడొచ్చిందో, వెనకనుంచి అక్క నా మణికట్టు పట్టుకుంది.

"లోపల పెట్టు."

"అక్కా, ఒక్క రాత్రికేగా."

"లోపల పెట్టరా. మీ బావ దినాలకు కూడా అంత కాలేదు."

"పోనీ, చందానగర్‌లో లాడ్జీ ఏదైనా చూస్తా."

"బాగుంది. లాడ్జీలో నిద్ర చేయించాడని నాగేశ్వరి వదిన నన్ను చూసినప్పుడల్లా తల్చుకుంటుంది." వెక్కిరింపుగానే అంది కానీ, ఆ తర్వాత ఆమె మొహంలో బిగువు సడలిపోయింది. "నిద్ర కాకుండా వెనక్కి రాకూడదని మరీ మరీ చెప్పిందిరా. మీ ఇంటికి రాకూడదు. మా ఇంటికి పోకూడదు. మరి నేనిప్పుడు ఎక్కడికెళ్ళాలి?"

చిన్నప్పుడు నన్ను వేలు పట్టుకుని బడికి తీసుకెళ్ళిన మనిషి. నావైపు చూస్తూ నిజంగానే అడుగుతోంది.

ప్రియదర్శిని మా ఇద్దర్నీ చూసింది. అక్క బోసి నుదురునూ, మడత నలగని కొత్త చీరనూ చూసింది.

"మేడమ్ అలసిపోయినట్టున్నారు. ముందు కాసేపు కూర్చోండి సర్. పాయింట్స్‌తో కాఫీ తీసుకోవచ్చు. అలా వాడుకుంటే చాలా నష్టం సర్, వాడుకోమని నేనెవరికీ చెప్పను. కానీ ఇవాళ..." అంటూ తనే మా సంచీ పట్టుకుని, అద్దాల గోడ దగ్గరున్న పెద్ద సోఫా దాకా తీసుకెళ్ళింది. ఎదురుగా చెరువు. ఎండ నీళ్ళ మీద పల్చగా పడుతోంది.

కాఫీ వచ్చింది. అక్క రెండు గుక్కలు తాగింది.

"చివరి రోజు పొద్దున కూడా పేపర్ అడిగారురా. కళ్ళజోడు కనపడలేదు. నేనే చదివి వినిపిస్తున్నా. క్రికెట్ పేజీ చదువుతుంటే..."

నేను ఎదురుచూశాను. మాట రాలేదు. చూస్తే తల సోఫా వీపు మీదికి వాలిపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. చేతిలో కప్పు పక్కకి ఒరుగుతుంటే మెల్లగా తీసి బల్ల మీద పెట్టాను.

అక్క నిద్రపోతోంది.

మెడలో పట్టీలున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు మా సోఫా చుట్టూ తచ్చాడారు. ఏమైనా తీసుకుంటున్నవాళ్ళే అక్కడ కూర్చోవాలట. వెయిటరు ఖాళీ కప్పు తీసెయ్యబోతే, ఇంకో కాఫీ తెమ్మన్నాను. అది చల్లారాక మరొకటి. ఫోన్లో పాయింట్లు దిగిపోతూ కనపడుతున్నాయి. ఒక్కో కప్పుకి ఎన్నో రాత్రులు పోతున్నాయి. రాయపూర్‌లో కరెంటు పోయి కిటికీ దగ్గర నిలబడి వాసంతితో ఫోన్లో మాట్లాడిన రాత్రి. భువనేశ్వర్‌లో తుపాను గాలికి బస్సులు ఆగిపోయి, మా పెళ్ళిరోజుకి ఇల్లు చేరలేకపోయిన రాత్రి. ఆ రాత్రి ఆమె ఫోన్లో, "పర్లేదండీ, దాని పాయింట్లు వస్తాయిగా," అని నవ్వింది. నవ్వాక ఫోన్ వెంటనే పెట్టెయ్యలేదు. నేనూ పెట్టలేదు. ఆ కాఫీ తాగలేకపోయాను.

నేల తుడిచే మిషను తోసుకుంటూ ఒకావిడ మా వైపు వచ్చింది. చొక్కా మీద చంద్రమ్మ అని ఉంది. మిషను మోత విని నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆమె ఆపేసి దగ్గరికొచ్చింది.

"పండుకున్నదా అమ్మ? ఎన్ని దినాలాయె?"

"నెలయింది," అన్నాను.

"మీరేమైతరు?"

"తమ్ముణ్ణి."

"నిద్రకు తోల్కొచ్చిన్రా?"

అవునన్నాను. ఇలాంటి హాల్లోనా అని ఆమె అడగలేదు. "మంచిగ పండనియ్యిండ్రి సారూ. గిట్ల పట్టిన నిద్రను లేపొద్దు," అని మిషను తిప్పుకుని హాలు అవతలి వైపు వెళ్ళిపోయింది. తర్వాత చాలాసేపటిదాకా అది ఇటు రాలేదు.

చివర్లో ప్రియదర్శిని వచ్చి వంగి చెప్పింది. "సర్, ఇంక కొంచెమే ఉన్నాయి."

"ఇంకో కాఫీకి వస్తాయా అమ్మా?"

"వస్తాయి సర్."

"తెప్పించమ్మా."

అక్క లేచేసరికి తీగల వంతెన మీద దీపాలు వెలిగాయి. కాసేపు ఎక్కడుందో తెలియనట్టు చూసింది. పైట సర్దుకుంది.

"ఎంతసేపు పడుకున్నానురా?"

"చాలాసేపు."

"కల కూడా రాలేదు." బల్ల మీది కప్పులు చూసింది. "ఇవన్నీ నువ్వే తాగావా? బీపీ మనిషివి, బుద్ధుందా?"

"అన్నీ తాగలేదులే. వాసంతి పాయింట్లు. అయిపోయాయి."

అక్క కప్పులన్నీ ఒక పక్కకి జరిపింది. నా చేతి మీద చెయ్యి వేసింది.

అంతలో ఫోన్ మోగింది. నాగేశ్వరిగారు. ఆవిడ గొంతు పెద్దది. అక్క ఫోన్ చెవికి దూరంగా పెట్టుకున్నా నాకు వినపడుతూనే ఉంది.

"చేరారా పుణ్యవతీ? గది బాగుందా?"

"చేరాం వదినా. ఎదురుగా చెరువు కనపడుతోంది. ఇప్పుడే నిద్ర లేచా."

"ఇప్పుడు లేవడమేంటి? నిద్రంటే రాత్రి కదా!"

"ఏం చెయ్యను వదినా, ఇప్పుడే పట్టింది. నెల తర్వాత ఇవాళే పట్టింది. తమ్ముడు పక్కనే కూర్చున్నాడు. ఖర్చంతా వాడిదే, పైసా కూడా మిగల్చలేదు. అయినట్టా, కానట్టా? నువ్వే చెప్పు. నువ్వు కాలేదంటే రాత్రికి మళ్ళీ ప్రయత్నిస్తా."

ఆవిడ అడ్డు చెబుతారనే అనుకున్నాను.

"అయినట్టే," అన్నారు నాగేశ్వరిగారు. ఆ పెద్ద గొంతు సన్నబడిపోయింది. "పట్టింది కదా, అదే చాలు. నాకు మాత్రం ఇంకా పట్టడం లేదే పుణ్యవతీ. కన్ను మూస్తే వాడే కనపడుతున్నాడు."

అక్క కళ్ళు తుడుచుకుంది. "రేపు మీ చందానగర్ వస్తా వదినా. రెండ్రోజులు నీ దగ్గరే పడుకుంటా. ఇంక నేను గడప దాటొచ్చుగా."

ఫోన్ పెట్టేసి సంచీ అందుకుంది.

"పద, మీ ఇంటికి."

"అక్కా, మైల ఇల్లు..."

"మైల ఇంటికి నిద్రకు రాకూడదన్నారు. నిద్ర ఇక్కడే అయిపోయిందిగా. ఊరికే తమ్ముడింటికి వస్తున్నా. దానికెవరు వద్దంటారు?"

వెళ్తూ కౌంటరు దగ్గర ఆగాను. ప్రియదర్శిని చుట్టూ జనం మూగి ఉన్నారు. ఆ తలల మధ్య నుంచే నాకు నమస్కారం పెట్టింది. శ్రీను కారు తెచ్చాడు. కొండాపూర్, హఫీజ్‌పేట దాటేదాకా అక్క తనకు దారిలో కనపడినవన్నీ చెబుతూనే ఉంది. నేను ఊ కొడుతున్నాను. ఒకసారి ఫోన్ తీసి చూశాను. ఎందుకు చూశానో నాకే తెలియదు. వాసంతి అడిగితే చూపించే చోట ఇప్పుడు ఏమీ లేదు. ఆమె నాకోసం మేలుకుని గడిపిన రాత్రులు ఇక ఎక్కడా దాచి లేవు. అవి ఎవరూ తిరిగి ఇవ్వగలిగినవి కావని నాకు ముందే తెలిసి ఉండాలి. ఇన్నాళ్ళూ ఆమె మాట నమ్మాను. హాయిగానే ఉండేది.

ఫ్లాటు తాళం తీసి తలుపు తెరిచాను. నా వెనక అక్క మెట్లు ఎక్కొచ్చిన ఆయాసంతో గోడకు ఆనుకుంది. ఇన్నేళ్ళ అలవాటున లోపలికి చూస్తూ కేకేసింది.

"వాసంతీ, కాసిని మంచినీళ్ళు పట్రావే."

అనేశాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను తలుపు పట్టుకుని నిలబడిపోయాను. లోపల చీకటిగా ఉంది. కాసేపు ఇద్దరం ఆ గుమ్మంలోనే, ఎవరో జవాబు చెబుతారన్నట్టు, అలాగే ఉన్నాం.

తర్వాత నేను లోపలికి వెళ్ళి లైటు వేశాను. రెండు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చాను.